పాత ఆక్టేవియా కాంబి ఆర్‌ఎస్ కొనేముందు మీటరు కాదు, టైమింగ్ బెల్టు చూడండి

ప్రశ్న: చిత్తూరులో ఒకరి దగ్గర 2005 స్కోడా ఆక్టేవియా కాంబి ఆర్‌ఎస్ ఉంది. కర్ణాటక నంబరు, లక్షా పది వేల కిలోమీటర్లు తిరిగిందంటున్నారు. కొనొచ్చా? ఏమేం చూసుకోవాలి?

కొనొచ్చు. 1.8 లీటర్ టర్బో పెట్రోల్, 150 హార్స్‌పవర్, దానికి తోడు అంత పెద్ద డిక్కీ. మన రోడ్ల మీద ఇలాంటి వ్యాగన్లు అరుదు, బాగున్నది దొరికితే వదలకూడదు. కానీ ఆ లక్షా పది వేలను మాత్రం పక్కన పెట్టేయండి. ఈ తరం మీటర్లో అంకె మార్చడం పెద్ద పనేం కాదు. పైగా తక్కువ తిరిగిన బండిలోనూ రబ్బరు వయసు ఆగదు.

అన్నిటికంటే ముందు అడగాల్సింది టైమింగ్ బెల్టు బిల్లు. ఈ ఇంజనుకి సిలిండరుకి ఐదు చొప్పున ఇరవై వాల్వులు. బెల్టు తెగితే పిస్టన్లు వాల్వుల్ని కొడతాయి, హెడ్ మొత్తం విప్పాలి. మాన్యువల్లో ఏమున్నా 90 వేల కిలోమీటర్లు లేదా ఐదేళ్లు, ఏది ముందొస్తే అప్పుడు మార్చాలి. బిల్లులో బెల్టు ఒక్కటే ఉంటే చాలదు. హైడ్రాలిక్ టెన్షనరు, రోలరు, వాటర్ పంపు కూడా ఉండాలి. పాత పంపుల్లో ప్లాస్టిక్ రెక్కలు షాఫ్ట్ మీద లూజై తిరగడం మానేస్తాయి, కాబట్టి ఇనుప రెక్కలదే వేయించాలి. బిల్లు లేకపోతే, "మొన్ననే మార్చాం సార్" అని ఎవరు చెప్పినా మార్చలేదనే లెక్క. ఆ ఖర్చు ధరలోంచి తీసేయండి.

బండి చూడ్డానికి వెళ్లే ముందురోజే, నేనొచ్చేదాకా స్టార్ట్ చేయొద్దని గట్టిగా చెప్పండి. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టండి, వెచ్చగా ఉంటే ఇంకో రోజు రండి. చల్లటి ఇంజన్ స్టార్ట్ అయ్యాక హెడ్‌లో గేరుబాక్సు వైపు చివర నుంచి గలగల శబ్దం రెండు మూడు సెకన్లకు మించి వస్తే, రెండు క్యామ్‌షాఫ్టుల్ని కలిపే చైన్ టెన్షనరు అరిగినట్టే. ఆయిల్ మూత తీసి లోపలికి టార్చి కొట్టండి. నల్లగా బెల్లంపాకంలా పేరుకుని ఉంటే కింద ఆయిల్ పంపు జల్లెడ కూడా పూడుకుపోతోంది, టర్బోకి ఆయిల్ అందదు. ఇంజన్ని కిరసనాయిలుతో కడిగి అద్దంలా మెరిపించి చూపించే అలవాటు మన దగ్గర బాగా ఉంది. లీకులు దాచడానికే ఆ మెరుపు. దుమ్ము పట్టిన ఇంజనే నిజం చెబుతుంది.

రేడియేటర్లో బోరు నీళ్లు పోసే పద్ధతి ఇంకా ఘోరం. మన వైపు నీళ్లలో సున్నం ఎక్కువ, హీటర్ కోర్ పూడుకుపోతుంది. ట్యాంకులో గులాబీ రంగు జీ12 కూలెంట్ కనబడాలి. తుప్పు రంగు కనబడితే బేరం అక్కడే ఆపేయొచ్చు.

అసలు పరీక్ష మొగిలి ఘాట్లో. బంగారుపాళ్యం నుంచి పలమనేరు వైపు ఎక్కించండి, ఏసీ వేసి, నలుగురు కూర్చుని. ఓనరు నడపాలి, మీరు పక్కన, ఇంజన్ కంప్యూటర్ని చదివే స్కానరు పట్టుకోవాలి. మూడో గేరు, 2000 ఆర్‌పీఎం, ఎదర లారీల్లేని చోట యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కమనండి. పికప్ ఒకే ఊపులో 5500 దాకా రావాలి. మధ్యలో జర్కులు కొడితే ఇగ్నిషన్ కాయిల్స్ లేదా ప్లగ్గులు, అది చిన్న ఖర్చు. బుస్సుమని గాలి శబ్దం వచ్చి బలం చచ్చిపోతే టర్బో గొట్టం పగిలింది, లేదా కాలు తీసినప్పుడు టర్బో గాలిని మళ్లించే డైవర్టర్ వాల్వులో పొర చిరిగింది. స్కానర్లో పి1297 కోడ్ వచ్చేది ఇక్కడే. వీసీడీఎస్ (ఫోక్స్‌వ్యాగన్, స్కోడా బండ్లకి ల్యాప్‌టాప్‌లో వాడే స్కానింగ్ సాఫ్ట్‌వేర్) ఉంటే గ్రూప్ 115లో ఇంజన్ కంప్యూటర్ అడిగిన బూస్టు (టర్బో గాలి ఒత్తిడి), నిజంగా వచ్చిన బూస్టు పక్కపక్కనే కనబడతాయి, రెండూ దగ్గరగా నడవాలి. గ్రూప్ 002లో గాలి లెక్క పూర్తి బలం దగ్గర సెకనుకి సుమారు 120 గ్రాములు రావాలి. బాగా తక్కువైతే గాలి కొలిచే సెన్సరు పోయింది, లేదా ఎక్కడో గాలి లీకవుతోంది. నాలుగో గేర్లో ఆర్‌పీఎం పెరిగి స్పీడు పెరగకపోతే క్లచ్ అయిపోయినట్టు.

పైకెళ్లాక ఆపేయకుండా మూడు నిమిషాలు ఐడిల్లో ఉంచండి. తర్వాత ఒక్కసారి రేస్ చేస్తే నీలం పొగ వచ్చిందా, టర్బో సీల్స్ మీద అనుమానం. దిగేటప్పుడు మూడో గేర్లో కాలు తీసేసి వచ్చి, కింద మళ్లీ తొక్కినప్పుడు అద్దంలో నీలం పొగ కనబడితే వాల్వ్ సీల్స్. టెంపరేచర్ ముల్లుని నమ్మకండి. అసలు వేడి 75 నుంచి 105 డిగ్రీల వరకు మారుతున్నా అది 90 దగ్గరే నిలబడి ఉంటుంది. తిరుపతి ఎండల్లో రేణిగుంట రోడ్డు ట్రాఫిక్‌లో ఏం జరుగుతుందో తెలియాలంటే స్కానర్లో అంకె చూడాల్సిందే.

వ్యాగన్ కాబట్టి వెనక వైపు ప్రత్యేకంగా చూడండి. స్టెప్నీ తీసి ఆ గుంతలో టింకరింగ్ జరిగిందేమో, కంపెనీ వెల్డింగ్ చుక్కలు వరస చెడకుండా ఉన్నాయో లేదో గమనించండి. డిక్కీ తలుపు హింజ్ దగ్గర రబ్బరు గొట్టంలో వైర్లు తెగుతుంటాయి, వైపరు, లాకు, నంబరు లైటు మూడూ పనిచేయాలి. బండి మధ్యలో ఎప్పుడైనా చెన్నైలో ఉందేమో అడగండి, 2015 డిసెంబరు వరదల్లో మునిగిన బండ్లు చాలా ఊళ్లకి చేరాయి. సీటుబెల్టు చివరిదాకా లాగితే బురద గీత కనబడుతుంది.

కాగితాల దగ్గర తొందరొద్దు. 2005 బండికి పదిహేనేళ్ల రిజిస్ట్రేషన్ ఎప్పుడో అయిపోయింది, అయిదేళ్లకోసారి రెన్యువల్ చేయించారో లేదో ఆర్సీలో చూడండి. చేయించకపోతే అది ఓనరే కర్ణాటకలో చేయించి, ఫారం 28తో ఎన్‌వోసీ తెచ్చి ఇవ్వాలి. ఫైనాన్సు ఉంటే అది తీరినట్టు ఫారం 35 కూడా. పేరు మార్పు కోసం ఫారం 29, 30 మీద సంతకాలు, ఛాసిస్ నంబరు బండి మీద మీరే చదివి పోల్చుకోవడం, ఆ తర్వాత మన దగ్గర లైఫ్ ట్యాక్స్. ఎన్‌వోసీ చేతికి రాకముందు అడ్వాన్సుకి మించి రూపాయి ఇవ్వకండి.