ఎలిప్టికల్ కొనబోతున్న తమ్ముడి కూతురికి

తిరుపతి

అమ్మా,

ఇంట్లోకి ఎలిప్టికల్ ట్రైనర్, అదే నిలబడి రెండు పెడల్స్‌ని నడిచినట్టు తొక్కే వ్యాయామం మెషీన్, కొనాలనుకుంటున్నావని, ఏది తీసుకోమంటానో అడగమన్నావని మీ నాన్న చెప్పాడు. ఫోన్‌లో చెబితే సగం మర్చిపోతావు, అందుకే రాస్తున్నా. ఉద్యోగమంతా పిల్లల చేత పరుగులు తీయించాను. రిటైరయ్యాక జిమ్‌లో ఎక్కువగా ఈ మెషీన్ మీదే ఉంటున్నాను కాబట్టి దీని సంగతి నాకు బాగా తెలుసు.

నీ ఆలోచన మంచిదే. పాదం పెడల్ మీది నుంచి లేవదు కాబట్టి పరుగులో పడ్డట్టు మోకాలి మీద దెబ్బ పడదు. అయినా నీకు ఇప్పటికే మోకాలి నొప్పి మొదలైందంటున్నావు, ముందు ఎముకల డాక్టరుకు చూపించుకో. ఆయన సరే అన్నాకే డబ్బు కట్టు.

అన్నిటికంటే ముందు చూడాల్సింది అడుగు పొడవు. షాపువాళ్ళు స్ట్రైడ్ లెంగ్త్ అంటారు. ఒక పెడల్ పూర్తిగా ముందుకు, రెండోది పూర్తిగా వెనక్కి పోయినప్పుడు వాటి ముందు అంచుల మధ్య ఎంత దూరముందో టేపు పెట్టి కొలువు. తక్కువ ధరలో దొరికే చిన్న మెషీన్లలో ఇది చాలాసార్లు 12, 14 అంగుళాలకు మించదు. వాటి మీద నడిచినట్టే ఉండదు, ఉన్నచోటే మెట్లు తొక్కుతున్నట్టు ఉంటుంది, మోకాలు అక్కర్లేనంత వంగుతుంది. నువ్వు ఐదడుగుల రెండంగుళాలు, అల్లుడు ఆరడుగులు. నీ ఒక్కదానికైతే 16 సరిపోతుంది. ఇద్దరూ వాడాలి కాబట్టి 18 నుంచి 20 లోపు చూడండి. 20 దగ్గర నీకు కాలు సాగదీసినట్టు అనిపిస్తే 18కి రండి, అల్లుడు సర్దుకోగలడు.

రంగుల స్క్రీను, బ్లూటూత్, పన్నెండు ప్రోగ్రాములు చూసి మోసపోవద్దు. అది చూపించే క్యాలరీల లెక్క నిజానికంటే ఎక్కువే ఉంటుంది. ఆ డబ్బు గట్టి ఫ్రేముకీ సరైన అడుగు పొడవుకీ పెట్టండి.

షాపుకు ఇద్దరూ బూట్లు వేసుకుని వెళ్ళండి. ఎక్కి ఒక నిమిషం తొక్కి దిగితే ఏమీ తెలీదు, పది నిమిషాలు తొక్కాలి. అయిదో నిమిషం దాటాక కాలివేళ్ళు తిమ్మిరెక్కుతున్నాయా, మడమ ప్రతిసారీ పైకి లేస్తోందా, రెండు పెడల్స్ మధ్య దూరం మరీ ఎక్కువై తుంటి బిగుసుకుంటోందా చూసుకో. తర్వాత కదిలే హ్యాండిల్స్ వదిలేసి మధ్యలో కదలకుండా ఉండే కడ్డీని పట్టుకుని తొక్కు. ముందుకు వంగకుండా నిలబడలేకపోతే ఆ మెషీన్ నీ ఒంటికి సరిపోలేదన్నట్టే. రెసిస్టెన్స్, అంటే పెడల్ బిగువు, బాగా పెంచి తొక్కినప్పుడు ఫ్రేము ఊగితే వెంటనే దిగెయ్. సేల్స్‌మన్ కంగారు పెట్టినా పట్టించుకోకు. కొనేది మనం.

లోపల తిరిగే చక్రం, అంటే ఫ్లైవీల్, బరువుగా ఉంటే సాధారణంగా అడుగు నున్నగా సాగుతుంది. రెసిస్టెన్స్ మాగ్నెటిక్, అంటే అయస్కాంతంతో వచ్చేది, అయితే చప్పుడు తక్కువ. కింది ఫ్లాట్ వాళ్ళతో గొడవ ఉండదు, అడుగున మందపాటి రబ్బరు మ్యాట్ మాత్రం వెయ్యి. ఎంత బరువు మోస్తుందని రాసి ఉంటుందో చూడు. అల్లుడి బరువుకంటే కనీసం ఇరవై కిలోలు ఎక్కువ ఉండాలి.

మీ హాల్లో పెడతానన్నావు. సీలింగ్ ఫ్యాన్ కిందా, అటక కిందా వద్దు. పెడల్ పైకి లేచినప్పుడు అల్లుడి తల ఎంత ఎత్తుకు పోతుందో లెక్కేసి, పైన ఇంకో అర అడుగు వదలండి. పెట్టె చాలా బరువుంటుంది, మీ లిఫ్టులో పడుతుందో లేదో ముందే కొలుచుకోండి. కరెంటు పోతే ఆగిపోయేదా, బ్యాటరీతో స్క్రీను మాత్రమే నడిచేదా అన్నదీ అడగండి. ఎండాకాలం కోతలు నీకు తెలిసినవే.

సర్వీసు సంగతి తేల్చుకోకుండా అడ్వాన్సు ఇవ్వొద్దు. బాగుచేసే మనిషి తిరుపతిలోనే ఉన్నాడా, చెన్నై నుంచి రావాలా? మా ఇంటి దగ్గర ఒకాయన మెషీన్ చిన్న బేరింగ్ కోసం నెలల తరబడి బట్టలారేసుకునే స్టాండులా పడి ఉంది. వారంటీ ఫ్రేముకు ఎన్నేళ్ళు, విడిభాగాలకు ఎన్నేళ్ళు, ఇంటికొచ్చి చేస్తారా లేదా, అన్నీ కాగితం మీద రాయించుకో.

అలిపిరి మెట్లెక్కాలని నీకున్న కోరిక నాకు తెలుసు. 3,550 మెట్లు ఎక్కడానికి కావలసిన ఊపిరి ఈ మెషీన్ ఇస్తుంది. దిగేటప్పుడు తొడలు, మోకాళ్ళు మోసే బరువుకు మాత్రం ఇది అలవాటు చెయ్యదు. అందుకని డాక్టరు ఒప్పుకుంటే వారంలో రెండు రోజులు మీ అపార్టుమెంటు మెట్లు మెల్లగా దిగడం కూడా సాధన చెయ్యి. కొండమీది నుంచి మాత్రం బస్సులో వచ్చేయండి, మొదటిసారి అదే నయం.

మీ అత్తమ్మ కోసం కూడా అన్నావు. ఆమెకు ఇది వద్దమ్మా. పెడల్ మీదికి ఎక్కి దిగడమే ఆమెకు ప్రమాదం. సాయంత్రం చల్లబడ్డాక ప్రకాశం పార్కుకు తీసుకెళ్ళి నడిపించు.

మొదటి వారం రోజుకు పది నిమిషాలు చాలు. వారానికి 150 నిమిషాల దాకా పెంచుకోవడానికి తొందరేమీ లేదు. కొత్తలో బోల్టులు వదులవుతాయి. కిర్రుమని చప్పుడొస్తే తొక్కడం ఆపి బిగించు. పని అయ్యాక చెమట తుడిచెయ్, లేకపోతే తుప్పు పడుతుంది.

ఆదివారం షాపుకు వెళ్ళేట్టయితే ముందురోజు ఫోన్ చెయ్యి, టేపు తీసుకుని నేనూ వస్తా.

మీ పెదనాన్న