సొంతంగా పెస్ట్ కంట్రోల్: లైసెన్స్ ఒక ఎత్తు, రోజువారీ పని ఇంకో ఎత్తు

నాలుగేళ్లు ఒక కంపెనీలో టెక్నీషియన్‌గా చేశాను, ఇప్పుడు సొంతంగా పెట్టుకుందామనుకుంటున్నాను, లైసెన్స్‌కి ఏం కావాలి, పని నిలబడాలంటే ఏం చూసుకోవాలి అని అడిగారు. నేనూ అలా ఒకరి దగ్గర పనిచేసి బయటికి వచ్చినవాణ్ణే. పదకొండేళ్లయింది.

ముందు లైసెన్స్ సంగతి. వ్యాపారం నడుపుకోవడానికి ఇచ్చే అనుమతి వేరు, పురుగుమందు వాడే మనిషికి ఉండాల్సిన అర్హత వేరు. చాలామంది మొదటిది తీసుకుని అంతా అయిపోయిందనుకుంటారు. ఇన్నాళ్లూ మీరు పనిచేసింది మీ కంపెనీ లైసెన్స్ కింద. ఆ అనుభవం మీదే, లైసెన్స్ మాత్రం మీతో రాదు. మీ ప్రాంతంలో పురుగుమందుల నియంత్రణ చూసే శాఖ ఏదో కనుక్కుని, చదువు, ట్రైనింగ్, పరీక్ష, స్టోర్ రూమ్ గురించి వాళ్ల నిబంధనలు రాతపూర్వకంగా తీసుకోండి. తెలిసినవాళ్లు చెప్పినదాన్ని నమ్మి డబ్బు కట్టకండి.

ఫ్యూమిగేషన్‌కి, అంటే మూసిన చోట విషవాయువు వదిలి పురుగుల్ని చంపే పనికి, చాలాచోట్ల విడిగా అర్హత కావాలి. అది ఉండాల్సిందే. అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్లకి గాలిలోని తేమ తగిలితే చాలు, ఫాస్ఫీన్ గ్యాస్ వస్తుంది. గోడ సందుల్లోంచి పక్క గదిలోకి పాకి నిద్రపోతున్నవాళ్ల ప్రాణం తీయగలదు. ఆ ట్రైనింగ్ లేకుండా ఎవరు ఎంత బతిమాలినా ఒప్పుకోకండి.

పరీక్షకి చదివేటప్పుడు కొలతల లెక్కలు బాగా సాధన చేయండి. డబ్బాలోని మందు గాఢత 2.5 శాతం, లేబుల్ దాన్ని 0.05 శాతానికి పలచన చేసి కొట్టమంటోంది అనుకుందాం. యాభై వంతుల్లో ఒక వంతు మందు. అంటే 5 లీటర్ల ట్యాంకుకి 100 మి.లీ. మందు, మిగతాది నీళ్లు. ఫీల్డులో చాలామంది మూతతో ఉజ్జాయింపుగా పోసేస్తారు, కాస్త ఎక్కువైతే బాగా చస్తాయని. నిజానికి కొన్ని మందుల ఘాటు పెరిగితే పురుగులు చావకుండా చెదిరిపోయి ఇంకో గదిలో చేరతాయి.

ఇక నా తప్పు ఒకటి చెబుతాను, ఎందుకంటే నా పనితీరు మారింది అక్కడే. మొదలుపెట్టిన ఏడాదిలో ఒక ఇంట్లో పైరెత్రాయిడ్ అనే కోవ పురుగుమందు స్ప్రే చేశాను. హాల్లో చేపల తొట్టి ఉంటే గుడ్డ కప్పించాను. గాలి పంపు ఆపమని మాత్రం చెప్పలేదు. ఆ పంపు గదిలోని గాలిని లాగి నీళ్లలోకి వదులుతుంది, దాంతోపాటు మందు తుంపర కూడా లోపలికి వెళ్లింది. మర్నాడు ఉదయం ఫోన్ వచ్చింది. వెళ్లేసరికి చేపలన్నీ తేలి ఉన్నాయి. ఆ ఇంటి పిల్లవాడు తొట్టి పక్కనే నిలబడి నా ముఖంలోకి చూస్తున్నాడు. చేపలకు అత్యంత ప్రమాదకరం అని లేబుల్ మీద ఉంది. నేను చదివాను కూడా.

ఆ రోజు నుంచి పని మొదలుపెట్టే ముందు ఒక కాగితం నింపుతాను. ఇంట్లో పసిపిల్లలు, గర్భిణులు, ఆస్తమా ఉన్నవాళ్లు ఉన్నారా, పిల్లి ఉందా, చేపలున్నాయా, దగ్గర్లో తేనెటీగల పెట్టెలున్నాయా అని అడుగుతాను. పిల్లి సంగతి తప్పకుండా అడగండి, పైరెత్రాయిడ్ కోవలోదే అయిన పెర్మెత్రిన్ దానికి విషం. పని అయ్యాక ఏ మందు, ఎంత, ఎక్కడ కొట్టామో, మళ్లీ ఎన్ని గంటలకి లోపలికి రావచ్చో రాసి సంతకం తీసుకుంటాను. ఒక కాపీ వాళ్లకి, ఒకటి మాకు. తనిఖీకి వచ్చినా, గొడవ వచ్చినా మీ తరఫున మాట్లాడేది ఆ కాగితమే.

పనిలో అసలు నైపుణ్యం స్ప్రేలో లేదు, వెతకడంలో ఉంది. వంటింటి బొద్దింకలకైతే టార్చ్ పట్టుకుని అల్మారా కీళ్లలో, ఫ్రిజ్ మోటారు వెనక, సింక్ కింద పైపు గోడలోకి వెళ్లేచోట చూడండి. మిరియాల పొడి చల్లినట్టు నల్లటి చుక్కలు కనబడితే గూడు అక్కడే. ఆ సందుల్లోనే, బొద్దింకలు తిని చచ్చే ఎర మందు జెల్ బియ్యపు గింజంత పెట్టండి. జెల్ పెట్టినచోట స్ప్రే కొట్టకండి, ఆ వాసనకి బొద్దింక జెల్ ముట్టుకోదు. జర్మన్ బొద్దింక ఒక్క గుడ్ల సంచిలో 30 నుంచి 40 గుడ్లు ఉంటాయి, మందు ఆ సంచి లోపలికి సరిగా దిగదు. నల్లులదీ ఇదే గొడవ, వాటి గుడ్లు సుమారు 6 నుంచి 10 రోజుల్లో పొదుగుతాయి. అందుకే రెండోసారి రావడం పనిలో భాగమని ముందే చెప్పండి, దాని ఖర్చు మొదటి రేటులోనే కలపండి. ఒక్కసారితో ఖాళీ అని మాటిచ్చి తక్కువ రేటుకి పని పట్టినవాళ్లు ఏడాది తిరక్కుండానే ఫోన్ ఎత్తడం మానేస్తారు. మందు ఖర్చు కంటే తిరిగి వెళ్లే రోజు ఖర్చే ఎక్కువ, లెక్క వేసుకుని చూడండి.

మందు మార్చేటప్పుడు డబ్బా మీది పేరు కాదు, అది పురుగు మీద ఏ రకంగా పనిచేస్తుందో చూడండి. రెండు కంపెనీల డబ్బాల్లో ఒకే కోవ మందు ఉంటే మీరు మార్చినట్టు కాదు, పురుగులు అలవాటు పడిపోతూనే ఉంటాయి. మందులు ఇంట్లో పెట్టుకోకండి. గాలి ఆడే గది, తాళం, అసలు డబ్బాలు ఉండాలి. మిగిలిన మందుని మంచినీళ్ల సీసాలో పోసే అలవాటు ఎవరికున్నా వాళ్లని పనిలో పెట్టుకోవద్దు.

ఇన్సూరెన్స్ తీసుకునేటప్పుడు రసాయనాల వల్ల జరిగే నష్టం కవర్ అవుతుందో లేదో పాలసీలోనే చదవండి. మామూలు పాలసీల్లో దాన్ని మినహాయించే నిబంధన ఉండొచ్చు.

ఇంకొకటి, రాజీనామా ఇచ్చే ముందే మీ ట్రైనింగ్ సర్టిఫికెట్లు, నాలుగేళ్లలో ఏయే పనులు చేశారో రాసిన అనుభవ పత్రం అడిగి తీసుకోండి. నేను బయటికి వచ్చేశాక అడిగాను. ఆ ఒక్క కాగితం చేతికి రావడానికి ఐదు నెలలు పట్టింది, అప్పటిదాకా నా దరఖాస్తు కదల్లేదు.