ఫ్యూజులు మార్చడం ఆపి, సిరీస్ బల్బు పెట్టి చూడు

చిరంజీవి కిశోర్‌కు,

బాబాయి ఆశీస్సులు. మీ నాన్న ఆంప్లిఫైయర్‌లో ఎన్ని ఫ్యూజులు వేసినా నిలవడం లేదని, ఈసారి ఇంకాస్త పెద్దది వేసి చూస్తానని రాశావు. అది మాత్రం చెయ్యకు. 3 ఆంపియర్లది పోతోందని 10 ఆంపియర్లది వేసినా, రాగి తీగ చుట్టినా, ఫ్యూజుకు బదులు ట్రాన్స్‌ఫార్మర్ కాలుతుంది. ఇల్లే అంటుకోవచ్చు. లోపల ఎక్కడో షార్టు ఉన్నట్టుంది, దాన్ని పట్టుకునేదాకా ఎన్ని వేసినా దండగే.

పోయిన ఫ్యూజులు పారెయ్యలేదు కదా? వెలుతురుకు పట్టి చూడు. గాజు లోపల నల్లబడినా, వెండి పూత పూసినట్టు మెరుస్తున్నా అది గట్టి షార్టు. గాజు శుభ్రంగా ఉండి తీగ మాత్రం మధ్యలో తెగితే లోడు కొంచెం ఎక్కువైందన్నమాట. ఫ్యూజు మూత మీద అక్షరం కూడా చూడు. టి అంటే నిదానంగా పోయేది, ఎఫ్ అంటే చటుక్కున పోయేది. పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ స్విచ్చు వేసిన క్షణంలో బాగా కరెంటు లాగుతుంది. టి ఉండాల్సిన చోట ఎఫ్ వేస్తే సెట్టు బాగానే ఉన్నా ఫ్యూజు పోతుంది. సెట్టు వెనక ఏది రాసి ఉంటే అదే వెయ్యాలి.

తర్వాత స్పీకర్ వైర్లు రెండు వైపులా పీకెయ్. వెంట్రుకంత రాగి పోగు ఒకటి పక్క టెర్మినల్‌ను తాకినా చాలు, కొంపలంటుకుంటాయి. వినాయక చవితి పందిరికి సెట్టు ఇచ్చారా? అలాంటి చోట్ల ఎవరో ఒకరు అదనంగా స్పీకర్లు తగిలిస్తారు. 8 ఓమ్‌ల సెట్టుకు 4 ఓమ్‌ల స్పీకర్లు రెండు పారలల్‌గా, అంటే ఒకే టెర్మినల్స్‌కు పక్కపక్కన పెడితే 2 ఓమ్‌లే మిగులుతుంది. స్పీకర్లకు కరెంటు పంపే ఔట్‌పుట్ ట్రాన్సిస్టర్లు పోయేది ఎక్కువగా అక్కడే.

స్పీకర్లు తీసినా ఫ్యూజు పోతోందంటే సిరీస్ బల్బు కావాలి, అంటే సెట్టుకు వెళ్లే కరెంటు ముందు ఒక బల్బు గుండా పోవాలి. ఎలక్ట్రీషియన్‌తో ఒక చిన్న బోర్డు కట్టించుకో. ఒక హోల్డరు, ఒక సాకెట్, ఫేజు వైరు బల్బు గుండా వెళ్లాలి, ఎర్త్ మాత్రం నేరుగా సాకెట్‌కు. అందులో 100 వాట్ల పాతకాలపు ఫిలమెంట్ బల్బు పెట్టు. ఎల్ఈడీ పనికిరాదు. సెట్టులో సరైన ఫ్యూజు వేసి, ప్లగ్గు ఆ సాకెట్‌లో పెట్టి స్విచ్చు వెయ్. బల్బు ఒక్కసారి వెలిగి మసకబారితే లోపల కరెంటు నిల్వ చేసే కెపాసిటర్లు నిండాయి, షార్టు లేనట్టే. వెలుగు తగ్గకుండా అలాగే ఉంటే షార్టు ఉంది. ఎంత షార్టున్నా బల్బు అర ఆంపియర్ కన్నా ఎక్కువ పోనివ్వదు కనుక ఫ్యూజు నిలుస్తుంది, నీకు వెతకడానికి తీరిక దొరుకుతుంది. కానీ షాక్ నుంచి అది కాపాడదు, మరిచిపోకు.

మూత విప్పేముందు ప్లగ్గు పీకు. పీకాక కూడా పెద్ద కెపాసిటర్లలో కరెంటు నిలిచి ఉంటుంది. స్క్రూడ్రైవర్‌తో షార్టు చెయ్యకు. 1 కిలో ఓమ్, 5 వాట్ల రెసిస్టర్ కాళ్లకు స్లీవు తొడిగి, ఒక్కో కెపాసిటర్‌కు నిమిషంపాటు ఆనించు. మల్టీమీటర్‌లో 1 వోల్టు లోపు చూశాకే చెయ్యి పెట్టు.

ఇక విడదీస్తూ పో. ట్రాన్స్‌ఫార్మర్ సెకండరీ వైర్లు, అంటే దాన్నుంచి లోపలి బోర్డుల వైపు వెళ్లేవి, తీసేసి స్విచ్చు వేస్తే బల్బు ఇంకా ధగధగా వెలుగుతోందా? ట్రాన్స్‌ఫార్మరే పోయుండొచ్చు, దాన్ని వైండింగ్ చేసేవాళ్లకు చూపించు. వెలగకపోతే అవి మళ్లీ కలిపి, ఆంప్లిఫైయర్ బోర్డులకు వెళ్లే సప్లై తీసి చూడు. అప్పుడూ వెలిగితే ఏసీని డీసీగా మార్చే బ్రిడ్జి రెక్టిఫైయర్, ఫిల్టర్ కెపాసిటర్ల మీద అనుమానం. ఆరితే బోర్డుల్లో ఉంది. ఎడమ, కుడి బోర్డులు ఒక్కొక్కటే తగిలించు. స్టీరియో సెట్టుతో ఉన్న సుఖం ఇదే, బాగున్న బోర్డు పక్కనే ఉంటుంది, ప్రతి రీడింగూ దాంతో పోల్చుకోవచ్చు.

చెడ్డ బోర్డులో ముందు ఔట్‌పుట్ ట్రాన్సిస్టర్లు చూడు. మీ సెట్టులో 2ఎన్3055 రకంవి ఉన్నాయన్నావు. దాని కలెక్టర్, ఎమిటర్ అనే రెండు కొసల మధ్య మీటర్ బీప్ అంటే అది పోయినట్టే. బోర్డు మీద తేడా తెలియకపోతే విప్పి బయట చూడు. పోలేదా, ఆ ట్రాన్సిస్టర్ ఇనుప ఒంటికీ, దాని వేడి లాగే లోహపు హీట్ సింకుకూ మధ్య బీప్ వస్తుందేమో చూడు, రాకూడదు. వస్తే రెంటి మధ్య కరెంటు దాటకుండా పెట్టిన మైకా రేకు చిల్లుపడింది. రంధ్రం అంచున సూదిమొనంత లోహపు ముక్క చాలు దాన్ని పొడవడానికి. అంచు నున్నగా గీకి, కొత్త మైకా, కాస్త హీట్ సింకు పేస్టు వెయ్.

ట్రాన్సిస్టర్లు పోయుంటే వాటితోపాటు వాటిని నడిపే చిన్న ట్రాన్సిస్టర్లు (డ్రైవర్లు), ఎమిటర్ రెసిస్టర్లు కూడా తప్పకుండా చూడు. వాటిని వదిలేసి కొత్తవి బిగిస్తే అవీ క్షణంలో పోతాయి. నకిలీ ట్రాన్సిస్టర్లు బోలెడు ఉన్నాయి. కోఠీ గుజరాతీ గల్లీకి వెళ్తే తక్కువ ధర కోసం కాక, నమ్మకమైన దుకాణం చూసుకుని కొను.

అన్నీ వేశాక మొదటి స్విచ్చు కూడా బల్బు గుండానే. బల్బు మసకబారాక నేరుగా పెట్టి, స్పీకర్ టెర్మినల్స్ దగ్గర డీసీ చూడు. 50 మిల్లీ వోల్టుల లోపు ఉంటేనే స్పీకర్లు కలుపు. ఎక్కువ ఉంటే ఆపి, రెండు బోర్డుల రీడింగులు కాగితం మీద రాసి ఫొటో పంపు, నేను చూస్తాను.

మీ అమ్మను అడిగానని చెప్పు.

మీ బాబాయి