స్ప్రింగు బిగిస్తే గడ్డిమోపు బిగియదు

సందేహం: ఆరేళ్ల కిందట కొన్న చిన్న బేలర్ ఉంది. వరిగడ్డిని గుండ్రటి మోపులుగా కడుతుంది. 45 హార్స్‌పవర్ ట్రాక్టరుతో మా ఊళ్లోనూ, సరిహద్దు దాటి పర్లాకిమిడి వైపూ కిరాయికి తిప్పుతాను. నిరుటి నుంచి మోపులు నడుము ఉబ్బి, అంచుల దగ్గర తాడు జారిపోతోంది. నెల తిరగకముందే లోపల నల్లబడుతున్నాయి. షేర్ బోల్టు (భారం ఎక్కువైతే తెగిపోయే బోల్టు) రోజుకు రెండు మూడు తెగుతుంటే గట్టి బోల్టు వేయించాను. తలుపు స్ప్రింగులు మార్చి, తాడు బదులు వల చుట్టే కిట్ బిగిస్తే సరిపోతుందని, మొత్తం 80 వేలు అవుతుందని డీలరు అంటున్నారు. పనిలో పనిగా, యంత్రాన్ని కళ్లంలో నిలబెట్టి చేత్తో గడ్డి అందించేలా ముందు ఒక రేకు పళ్లెం కూడా అమర్చాలనుకుంటున్నాను. చేయించవచ్చా?
– ఒక రైతు, పాతపట్నం మండలం, శ్రీకాకుళం జిల్లా

సలహా: పళ్లెం వద్దు. వల కిట్ వద్దు. గట్టి బోల్టును ఈ రోజే తీసేయండి.

మీరు రాసిన మూడు లక్షణాలకు మూడు వేర్వేరు కారణాలున్నాయి. డీలరుగారు మూడింటికీ ఒకే మందు రాసిచ్చారు, అదీ తన దుకాణంలో ఉన్నదే.

నడుము ఉబ్బడం స్ప్రింగు లోపం కాదు, తోలడంలో లోపం. కోత యంత్రం వెనక గడ్డి సన్నటి వరుసగా పడుతుంది. ట్రాక్టరును దానికి సరిగ్గా మధ్యన పెట్టి సూటిగా తోలితే గడ్డంతా మోపు చుట్టే గది నడుమకే చేరుతుంది. అంచుల్లో గడ్డే లేనప్పుడు తాడు దేన్ని పట్టుకుని నిలుస్తుంది? స్ప్రింగు ఎంత బిగించినా ఆ ఉబ్బిన నడుమే ఇంకొంచెం గట్టిపడుతుంది. వరుసను పికప్ (నేల మీది గడ్డిని ఎత్తే ముళ్ల భాగం) ఎడమ అంచున ఉంచి 10–15 మీటర్లు, ఆ తరువాత కుడి అంచున అంతే దూరం తోలండి. పాము నడకలా క్షణక్షణం స్టీరింగ్ తిప్పితే గడ్డి మళ్లీ మధ్యకే పోతుంది. నేల మీద వేగం తక్కువగా, పీటీఓ (ట్రాక్టరు నుంచి బేలర్‌ను తిప్పే షాఫ్టు) మాత్రం నిమిషానికి 540 చుట్ల దగ్గర నిలకడగా ఉండాలి. డీజిల్ కలిసొస్తుందని ఇంజను తగ్గించి నడిపితే యంత్రం గడ్డిని ముద్దలుగా మింగుతుంది. బోల్టులు తెగేది అప్పుడే.

ఆ బోల్టు తెగడానికే ఉంది. అది తెగితే పోయేది కొద్ది రూపాయలు. అది తెగకపోతే ఆ దెబ్బ చైనుకో, గేర్‌బాక్సుకో తగులుతుంది. యంత్రం పుస్తకంలో రాసిన సైజు, గ్రేడు బోల్టులే ఒక డజను కొని పెట్టెలో ఉంచుకోండి. అప్పటికీ రోజుకు రెండు తెగితే రోలర్ల చివర్లు చూడండి. బేరింగుల పక్కన గడ్డి పేనుకుని తాడులా బిగిసి ఉంటుంది. దాన్ని కత్తితో కోసి తీయాలి. ఆ రాపిడికి బేరింగు కాలి, గడ్డికి నిప్పంటుకున్న సందర్భాలూ ఉన్నాయి.

ఇక నల్లబడటం. గది కొలత మారని ఇలాంటి యంత్రంలో మొదట పడిన గడ్డి దొర్లుతూ వదులుగా చుట్టుకుంటుంది. గది నిండాకే పై పొరలు బిగుస్తాయి. నడిమధ్య మెత్తగా ఉండటం దానికి పుట్టుకతో వచ్చిన గుణం. ఆ మెత్తదనం వల్ల లోపల కాస్త గాలి కూడా ఆడుతుంది. అలాంటి మోపు సైతం నల్లబడిందంటే తడి గడ్డి కట్టారన్నమాట. దాన్ని ఇంకా బిగిస్తే ఇంకా త్వరగా కుళ్లుతుంది.

మీరు రాయలేదు గానీ, తొందర ఎందుకో ఊహించగలను. మీ వైపు వరి కోతకు రెండు మూడు రోజుల ముందే మినుమో పెసరో చల్లుతారు. గడ్డి కింద మొలకలు పాలిపోతాయన్న భయంతో కోసిన మర్నాడే, మంచు ఆరకముందే బేలర్ దించమని కిరాయిదారులు మెడమీద కూర్చుంటారు. అక్కడే కాదనాలి. అపరాలు చల్లిన మడిలో ట్రాక్టరు చక్రం మొలకలకూ మంచిది కాదు. అలాంటి మడిలోని గడ్డిని మనుషులతో గట్టుకో, పక్కనున్న ఖాళీ మడికో మోయించి, అక్కడ వరుసలుగా పరిచి, కనీసం రెండు మూడు రోజులు ఎండనిచ్చి, మధ్యలో ఒకసారి తిరగేసి, అప్పుడు యంత్రం తోలండి. పల్లపు మడిలో తడి ఆరకపోతే ఇంకో రోజు ఆగండి. డిసెంబరులో ఉదయం 11 కాకముందు మోపు కట్టవద్దు. సాయంత్రం మంచు దిగేలోపు ఆపేయండి.

తేమ 15 శాతం లోపు ఉంటే నిల్వకు ఢోకా లేదు. 18 దాటితే కట్టనే కూడదు. మీటరు కొనక్కరలేదు. వరుస అడుగు నుంచి తీసిన గడ్డిని ముక్కలు చేసి 100 గ్రాములు తూచండి. ఇనుప పెనం మీద సన్నని సెగన, మాడకుండా, బరువు తగ్గడం ఆగేదాకా వేయించి మళ్లీ తూచండి. 85 గ్రాములు మిగిలితే తేమ 15 శాతం. పైన పొడిగా గలగలలాడే గడ్డిని చూసి మోసపోవద్దు, తడి ఉండేది అడుగునే.

పళ్లెం విషయానికి వస్తే, ఇది మీరు ఉత్తరం చివర్లో పనిలో పనిగా అని రాశారు. నేనైతే మొదట దీన్నే చదివాను. పీటీఓ 540 అంటే షాఫ్టు సెకనుకు 9 చుట్లు తిరుగుతుంది. పికప్ ముళ్లకు తువ్వాలు కొసో, చీర కొంగో చిక్కితే వదలమని కేక వేసేలోపు చెయ్యి లోపల ఉంటుంది. నిలబెట్టిన బేలర్‌కు చేత్తో గడ్డి అందించి చేతులు పోగొట్టుకున్నవాళ్లు దేశదేశాల్లో ఉన్నారు. కళ్లంలో ఆడవాళ్లు, పిల్లలు కూడా చుట్టూ ఉంటారు. పళ్లెం అమర్చిపెడతానన్న వర్క్‌షాపు మనిషి దాని ముందు నిలబడడు కదా! షాఫ్టు మీది ప్లాస్టిక్ తొడుగు ఊడిపోయి ఉంటే ముందు అది కొనండి. గడ్డి ఇరుక్కుంటే పీటీఓ ఆపి, ఇంజను ఆపి, తాళంచెవి జేబులో వేసుకున్నాకే చెయ్యి పెట్టండి.

డబ్బు పెట్టాలనే ఉంటే ఈ క్రమంలో పెట్టండి. తాడు తెగడం చాలావరకు తాడు దూరే కన్నాల వల్లే. ఆరేళ్లు నడిచేసరికి తాడే ఇనుమును కోసి గాడి చేస్తుంది. గోరు పెట్టి చూడండి, గాడి తగిలితే ఆ కన్నమున్న ఇనుప ముక్కను (గైడు) మార్చండి. తాడు కోసే కత్తికి పదును పెట్టించండి. విరిగిన పికప్ ముళ్లన్నీ కొత్తవి వేసి, ముల్లు కొస నేలకు 2–3 సెంటీమీటర్ల ఎత్తులో ఉండేలా సరిచేయండి, మట్టి లేవదు. చైను బిగించి 20 లింకులు కొలవండి. పిచ్ (ఒక్కో లింకు పొడవు) 19.05 మిల్లీమీటర్లయితే కొత్తలో అది 381 ఉంటుంది. 389 దాటితే చైను, పళ్ల చక్రాలు కలిపి మార్చాలి. అరిగిన చక్రం మీద కొత్త చైను ఒక్క సీజను నిలవదు. చైను మీద చుక్క చుక్కగా నూనె పడేలా డబ్బా, గొట్టం, కుంచె అమర్చుకోండి. పాత యంత్రానికి చేయదగ్గ మార్పు ఇదొక్కటే అనిపిస్తుంది నాకు.

వల వద్దనడానికి కారణం: విప్పినప్పుడు మిగిలే ప్లాస్టిక్ ముక్కలు పశువు పొట్టలోకి పోతాయి, పోయినవి బయటికి రావు. జనపనార పురికొస చాలు.

ఇప్పటికే నల్లబడిన మోపులను పాడి పశువులకు వేయవద్దు. బూజు గడ్డి తిన్న గేదెలకు తోక, చెవుల కొసలు ఎండి రాలిపోయే డెగ్నాల జబ్బు వస్తుంది. వాటిని పెంటకుప్పలో వేయండి. వాములో ఉన్న మోపుల్లో ఇనుప చువ్వ గుచ్చి పావుగంట ఉంచి తీయండి. చేత్తో పట్టుకోలేనంత కాలితే వాము విప్పి, మోపులను ఇంటికి దూరంగా విడివిడిగా పెట్టండి. పక్కన నీళ్లు ఉంచుకునే విప్పండి, గాలి తగలగానే మండవచ్చు.

గట్టి బోల్టుతో నిరుటి నుంచి నడిపారు కాబట్టి గేర్‌బాక్సు నూనెను ఒక పళ్లెంలోకి దించి ఎండలో చూడండి. ఇనుప రజను మెరిస్తే ముందు దాన్ని విప్పించి పళ్లు చూపించండి. 80 వేలలో కొంత అక్కడే ఖర్చయ్యేలా ఉంది.