మీ దొర చేతికి కవిలెకట్ట ఇవ్వండి

ఏడు అధ్యాయాలైనా మీ కాల్పనిక లోకంలోని దొర యుద్ధాలు తప్ప ఇంకేమీ చెయ్యడం లేదని, మనిషిలా అనిపించడం లేదని రాశారు కదా. మీరు పెట్టిన భాగం చదివాను. పోరు ఘట్టాలు బాగున్నాయండీ, వాటిని కదపకండి. లేనివల్లా అతని అప్పులూ భయాలే.

విజయనగర నాయంకర పద్ధతి చూడండి. రాయలు నాయకుడికి సీమ ఇస్తాడు. బదులుగా నాయకుడు ఇంత కాల్బలం, ఇన్ని గుర్రాలు, ఇన్ని ఏనుగులు పోషించాలి, పైగా ఏటా సొమ్ము కట్టాలి. 1535 ప్రాంతంలో అక్కడున్న పోర్చుగీసు వర్తకుడు న్యూనిజ్ రాసినదాన్నిబట్టి ఆ చెల్లింపులు మహర్నవమి రోజుల్లోనే. మీ దొరని అలాంటి నాయకుడే అనుకోండి. ఊరంతా పండగ, ఇతని గుండెల్లో రాయి. చెరువుకట్ట తెగి పంట పోయింది. కరణం దీపం దగ్గర కవిలెకట్ట విప్పి, లెక్కల తాటాకులు తిప్పుతూ ఇంకా ఎంత తక్కువో చదువుతున్నాడు. మేలు గుర్రాలు సముద్రం దాటి రావాలి. లాయంలో ఒకటి చస్తే ఒక రౌతు తగ్గినట్టే. ఆ రాత్రి భార్య నగలు అడుగుతాడా, రైతు మీద పన్ను పెంచుతాడా? నాలుగో అధ్యాయంలో కోట ముట్టడికి ముందు ఇది పెట్టండి. అప్పుడు అతను కత్తి ఎందుకు దూశాడో మాకు తెలుస్తుంది.

చావు ఘట్టానికి 1289 నాటి చందుపట్ల శాసనం చూడండి. కాకతీయ రాణి రుద్రమదేవి, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడు పోయారని, వారి పుణ్యం కోసం పువ్వుల ముమ్మడి అనే బంటు గుడికి భూమి ఇచ్చాడని ఉంటుంది. ఎలా పోయారో ఒక్క మాట లేదు. చదివినప్పుడల్లా నాకు గొంతు పట్టేస్తుంది. మీ దొర చావునీ అలా ఒక బంటు నోట చెప్పించి చూడండి.