నీటి మర చూడటానికి వెళ్లేటప్పుడు

ప్రశ్న: ఇంగ్లండులో ఉన్న మా అబ్బాయి దగ్గరికి వెళ్తున్నాము. వించెస్టర్‌లోని పాత నీటి మర చూడదగినదేనా? వెళ్తే ఏమి గమనించాలి? – ఒక పాఠకురాలు, మల్లేశ్వరం, బెంగళూరు

జవాబు: తప్పకుండా చూడండి. ఇచెన్ నది మీద 1743లో తిరిగి కట్టిన ఈ మర, చారిత్రక కట్టడాలను కాపాడే నేషనల్ ట్రస్ట్ అనే సంస్థ అధీనంలో ఉంది. చాలాకాలం మూగబోయిన ఈ మరలో 2004లో మళ్లీ గోధుమపిండి ఆడటం మొదలైంది. అది ఈనాటికీ తిరుగుతున్నదంటే స్వచ్ఛంద కార్యకర్తల శ్రమే కారణం. లండన్ వాటర్లూ నుంచి రైలులో సుమారు గంట ప్రయాణం. అయితే పిండి ఆడే రోజేదో ముందుగా కనుక్కుని వెళ్లండి, ఎందుకంటే ఆగి ఉన్న మరను చూడటం వేరు, నీటి తోపుకు నేల అదురుతుండగా చూడటం వేరు.

నీటి చక్రపు తిరుగుడు పళ్ల చక్రాల ద్వారా పైనున్న రాతికి అందుతుంది. మన తిరగలిలో లాగానే కింది రాయి కదలదు, పైరాయి తిరుగుతుంది. గింజలు నడిమి కంతలో పడి, రాళ్ల గంట్ల వెంట నలుగుతూ అంచుకు చేరి పిండిగా రాలుతాయి. మర నడిపేవారు ఆ పిండిని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రాసి చూసి, నలుగుడు సరిపోయిందో లేదో తేల్చి, రాళ్ల ఎడాన్ని సరిచేస్తారు. నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచేది ఆ వేళ్ల నేర్పే. రాళ్లకు గంట్లు ఎలా పెడతారో వారినే అడగండి, ఓపికగా చెబుతారు.