రాజు ఒక గడి పైనుంచి ఎందుకు వెళ్లాలి?

హన్మకొండలో చదరంగం నేర్చుకుంటున్న ఒక అబ్బాయి ప్రశ్న ఇది: తెల్ల రాజు సీ6లో (అక్షరం నిలువు వరుస, అంకె అడ్డు వరుస), బంటు ఈ4లో, నల్ల రాజు జీ3లో, బంటు ఈ5లో. ఎత్తు తెల్లది. డీ5కు వెళ్తే ఓడిపోతున్నాను, ఎందుకు?

డీ5 సరైన గడే, కానీ మీరు ముందుగా చేరారు. వెంటనే నల్ల రాజు ఎఫ్4కు వస్తుంది. ఇప్పుడు రెండు రాజులూ తమ బంటును కాస్తూ ఎదుటి బంటును బెదిరిస్తున్నాయి. బంట్లు ఒకదానికొకటి అడ్డం. ఎత్తు ఎవరిదైతే వారి రాజు కావలి వదలాలి. ఆ ఎత్తు మీది, ఈ4 పోతుంది.

చదరంగంలో ‘ఈసారి ఆడను’ అనే వీలు లేదు. ఆడక తప్పని ఆ ఇబ్బందినే జుగ్జ్వాంగ్ అంటారు, జర్మన్ మాట.

కాబట్టి ముందు డీ6కు వెళ్లండి. అక్కడి నుంచీ ఈ5ను బెదిరించవచ్చు. దాన్ని కాపాడాలంటే నల్ల రాజు ఎఫ్4కే రావాలి. అప్పుడు డీ5కు దిగండి. అదే స్థితి, కానీ ఎత్తు నల్లది! ఎటు కదిలినా ఈ5 బంటు మీకే. నాకు ఎంతో ఇష్టమైన క్షణం ఇది. ఆ తర్వాత మీ రాజు బంటుకు దారి చూపిస్తూ ఎనిమిదో వరుస దాకా తీసుకువెళ్తుంది, అక్కడ అది మంత్రి అవుతుంది.

చదరంగం గ్రాండ్‌మాస్టర్ అర్జున్ ఎరిగైసి పుట్టిన వరంగల్‌లో పిల్లలు ఓపెనింగులతో పాటు ఇలాంటి ముగింపులనూ బల్ల మీద పేర్చి ఆడాలని నా కోరిక. అబ్బాయి అడిగిన మొదటి స్థితిలో ముందు ఎత్తు నల్లదైతే గెలుపు నల్లదే: రాజు ఎఫ్4కు కాదు, ఎఫ్3కు వెళ్లాలి.